టీ పెట్టె, బండ గూడు, ఓబుల్‌రెడ్డి వాళ్లమ్మ

స్పీకరు పెట్టెలు చేసి బతకొచ్చా అని ఈమధ్య కొందరు కుర్రవాళ్లు నన్ను అడుగుతున్నారు. బతకొచ్చు, నేను బతికాను కదా. అయితే ఈ పనిలో చెవులకంటే ముందు గుండె గట్టిగా ఉండాలి. రంపం పట్టడం నెలలో వస్తుంది. ఆ పెట్టె లోపల్నుంచి ఏం వస్తుందో, దాన్ని ఎవరు ఎట్లా వింటారో మాత్రం చివరిదాకా తెలియదు. తెలిసిందనుకున్న రోజే అది నెత్తిన మొట్టుతుంది.

కొట్టు ఎప్పుడు పెద్దదైంది, ఎవరు శాలువా కప్పారు అనేవి రాయడం లేదు. అవి మా ఇంట్లోవాళ్లే వినరు. నన్ను నిలువునా అదరగొట్టిన సంగతులు మాత్రం రాస్తాను.

కొట్లోకి ఎవరో వచ్చారు

నంద్యాలలో మాది చిల్లర కొట్టు. మా నాయన చింతపండు కొనేటప్పుడు గింజ తీయించి తూచేవాడు, అమ్మేటప్పుడు గింజతో తూచేవాడు. ఆ చేతి కింద పెరిగినవాణ్ణి నేను. పక్క కొట్టు రేడియోలు బాగుచేసేది. పెట్టె చీకిపోయి విడిపోయిన స్పీకరు ఒకటి పారేస్తుంటే నేను అడిగి తీసుకున్నాను. ఊరికే వచ్చేదాన్ని వద్దనే అలవాటు మా వంశంలో లేదు.

రెండు తీగలు లాగి వాళ్ల రేడియోకు తగిలించాను. స్పీకరు చేతిలో పట్టుకుంటే చెవి దగ్గర దోమ తిరిగినట్టుంది. ఇంత పెద్ద అయస్కాంతానికి ఇదేం గొంతని విసుగొచ్చి, శనగల డబ్బా మీది చెక్క మూతపై బోర్లా పడేశాను. ఆ మూత మధ్యలో కొలపాత్ర పట్టేంత రంధ్రం ఉంది. స్పీకరు సరిగ్గా దాని మీద పడింది. అంతే, మగగొంతు ఒకటి ఖంగున లేచింది. నేను ఎగిరి బస్తాల మీద పడ్డాను.

లోపల భోజనం చేస్తున్న మా నాయన, "ఎవుర్రా కొట్లోకి వచ్చిండేది? కూసోమను, వస్తాండా" అని కేకేశాడు.

స్పీకరు కాగితం ముందుకు తోసిన గాలి, అడ్డం లేకపోతే చుట్టూ తిరిగి వెనక గాలితో కలిసి చచ్చిపోతుంది. మధ్యలో చెక్క అడ్డం పెడితే ముందుది ముందుకే పోతుంది. ఇంతే శాస్త్రం. దీన్ని నేను చదివి తెలుసుకోలేదు, శనగల డబ్బా చెప్పింది. మా నాయన మాత్రం ఎంగిలి చేత్తో వచ్చి, గిరాకీ లేదని తెలిసి నన్ను తిట్టి పోయాడు.

టీ పెట్టె సంగతి

మంచి చెక్క కొనే తాహతు నాకు లేదు, ఉన్నా కొనేవాణ్ణి కాదు. టీ ఆకు వచ్చే పెద్ద పలక పెట్టెల మీద నా కన్ను పడింది. పలచని చెక్క, తేలిక, చౌక. కానీ ఆ వ్యాపారి నాకంటే ముదురు. టీ కొంటేనే ఖాళీ పెట్టె అన్నాడు. బేరమాడి బేరమాడి చివరికి గెలిచాననుకుని ఇంటికొచ్చి చూసుకుంటే, టీ వాసన కూడా పడని మా ఇంట్లో వాళ్లందరూ నెలల తరబడి టీ తాగాల్సి వచ్చింది. మా అమ్మకు అలవాటై, ఆ తరవాత మానలేదు.

నాకు వడ్రంగం నేర్పింది హుసేన్ మేస్త్రి. బండి చక్రాలు, దర్వాజాలు చేసే మనిషి. మొదటిసారి టీ పెట్టె మోసుకుపోతే వేలితో తట్టి చూసి నవ్వాడు.

"ఏమప్పా శెట్టీ, ఈ అప్పడానికి నా రంపం తగిలియ్యాల్నా?"

"అప్పడమే మేస్త్రీ, గొంతు పలికే అప్పడం చేద్దాం."

ఆ నవ్వుతోనే పని మొదలైంది. అంచుల తగరపు పట్టీలు ఊడదీసి, మేకులు ఒక్కొక్కటి పీకి, తట్టి సరిచేసి దాచుకునేవాళ్లం. లోపలి తగరపు కాగితం వేడినీళ్లతో నానబెట్టి గీకేవాళ్లం. గుండ్రని రంధ్రం కోసే సన్న రంపం మా దగ్గర లేదు. గీసిన గీత వెంబడి బరమాతో పక్కపక్కనే బెజ్జాలు వేసి, ఉలితో మధ్య ముక్క తట్టేసి, ఆకురాయితో అంచు నున్నగా చేసేవాళ్లం. మూలలకు లోపల్నుంచి తుమ్మ కర్రముక్కలు, వజ్రం అనే బంక కాచి పూసి, తాళ్లతో బిగించి రాత్రంతా వదిలేసేవాళ్లం. ఈ పనిలో తొందరపడితే మూల నోరు తెరుస్తుంది. మూల నోరు తెరిస్తే పాట పక్కన ఇంకో పాట మొదలవుతుంది.

మేస్త్రి నాకు చెప్పిన సూత్రం ఒకటే: చెక్క వణకకూడదు. పాడాల్సింది కాగితం, చెక్క కాదు. వణికే చోట అడ్డకర్ర కొట్టు. నేను అది వేదంలా పట్టుకున్నాను. మీకూ అదే చెప్తాను, కానీ ఈ రాత చివరిదాకా చదివాక పట్టుకోండి.

పత్తి

లోపల ప్రతిధ్వని రాకుండా మెత్తనిదేదైనా పరచాలని తెలిసింది. నంద్యాలలో పత్తికి కరువా? జిన్నింగు మిల్లు పెరట్లో వాన పడి తడిసిన పత్తి గుట్ట ఉంటే, కాపలావాణ్ణి మాటల్లో పెట్టి ఊరికే బస్తా నింపుకున్నాను. ఎండబెట్టి పెట్టె లోపలంతా అంటించాను. గింజ తీసిన పత్తికి దుడ్లు పెట్టాలి, గింజ ఉన్న పత్తి ఊరికే వస్తుంది. గింజ ఉంటే ఏమవుతుందిలే అనుకున్నాను. గింజతోనే తూచే ఇంట్లో పుట్టినవాణ్ణి కదా!

పెళ్లిపందిట్లో ఆ పెట్టె పెట్టాను. పీటల మీద పిల్లా పిల్లవాడూ ఉన్నారు, రికార్డు నాదస్వరం మోగుతోంది. ఉన్నట్టుండి గరగర. తరవాత స్పీకరు కాగితం చీల్చుకుని ఎలుక ఒకటి పురోహితుడి ఒళ్లోకి దూకింది. దాని వెంట ఇంకొకటి. పత్తిగింజలు తిని బలిసినవి, ఒక్కొక్కటి సొరకాయంత. ఆడవాళ్లు బల్లలెక్కారు. పెళ్లికూతురి మేనమామ నా భుజం పట్టుకుని, "ఏందప్పా ఇది, మేం సంగీతం అడిగితే నువ్వు సంసారమే తెచ్చినావ్!" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ భుజం వదల్లేదు.

ఊరికే వచ్చినదాన్ని పెట్టెలో పెట్టేముందు ఎందుకు ఊరికే వచ్చిందో అడగండి. ఇది తీర్పు, సలహా కాదు.

ఆళ్లగడ్డ రెడ్డి

ఇక అసలు సంగతి.

ఆళ్లగడ్డలో ఓబుల్‌రెడ్డి అని భూవసతి ఉన్న రైతు. చేతిలో ఉన్నదాన్ని బిగించి పట్టే మనిషి, అందుకే మా ఇద్దరికీ పొత్తు కుదిరింది. వాళ్ల వీధికి కరెంటు ఇంకా రాలేదు. బ్యాటరీతో నడిచే రేడియో కొన్నాడు. దాని గొంతు చిన్నది, నడిమింట్లో పదిమంది కూర్చుంటే వినపడదు. నన్ను పిలిపించాడు.

"శెట్టీ, వీధంతా వినపడాల. నా ఖర్చు మాత్రం పక్కింటికి గూడా వినపడగూడదు."

టీ పెట్టె ఒకటి మోసుకుపోయి తగిలించాను. అడ్డకర్రలకు కూడా బేరమాడి తగ్గించాడు కాబట్టి అవి తగ్గించే కొట్టాను. పక్క పలకలు కొంచెం వణికేవి. ఆ ఖర్చుకు అంతే అని ఊరుకున్నాను.

ఆ ఇంట్లో రెడ్డి తల్లి ఉండేది. లక్ష్మమ్మవ్వ. చాలా ఏళ్ల కిందట చెవులు కారి కారి వినికిడి పూర్తిగా పోయింది. కర్నూలు పెద్దాసుపత్రిలో చూపించారు, లాభం లేదన్నారు. ఇంట్లో అందరూ ఆమెతో అరిచేవాళ్లు. అరిచినా వినపడక, కొన్నాళ్లకు అరవడమూ తగ్గించారు. సైగలతో అన్నం, సైగలతో నీళ్లు. ఆమె కూడా మాట్లాడటం దాదాపు మానేసింది.

బ్యాటరీ మార్చడానికి పోయినప్పుడల్లా ఆమె నా పెట్టె పక్కన కూర్చుని, దాని మీద చెంప ఆనించి కళ్లు మూసుకుని ఉండేది. నిద్రపోతోందనుకున్నాం అందరం.

"మాయమ్మకు దిండు దొరికింది శెట్టీ" అనేవాడు రెడ్డి. "ఆ వణుకుడుకు కునుకు పడతాది."

ఒకసారి ఆమె వేళ్లు మోకాలి మీద కదులుతున్నాయి. చూశాను. ముసలివాళ్ల వేళ్లు వణుకుతాయి కదా అనుకున్నాను. అవి సరిగ్గా పాట తాళానికి కదులుతున్నాయని చూడలేదు. గొంతుల వ్యాపారం చేసేవాడికి తాళం కనపడకపోతే వాణ్ణి ఏమనాలో మీరే అనండి.

బండ గూడు

కొలిమిగుండ్ల నుంచి రెడ్డి బావమరిది వచ్చాడు. అక్కడ నాపబండల గనులు ఉన్నవాడు. నా పెట్టె మీద ఇంకా చెరగని టీ కంపెనీ అక్షరాలు చూసి, పదిమందిలో అన్నాడు:

"ఏం బావా, రేడియో తాగుతాండావా, టీ వింటాండావా?"

ఆ మాట రెడ్డికి తేలు కుట్టినట్టయింది. మర్నాడే నాకు కబురు. పోయేసరికి నడిమింటి గోడలో దేవుడి గూడంత గూడు తవ్వి సిద్ధంగా ఉంది.

"పెట్టె ల్యాదు, గిట్టె ల్యాదు. స్పీకరును ఈడ గోడలో పెట్టి ముందర బండ బిగిద్దాం. బండ బావ పంపిస్తాండాడు. ఆళ్లగడ్డ శిల్పులుండగా నాకు చెక్క ఏంటికి? ఎవుడు నవ్వుతాడో సూస్తా."

మా సీమలో అంతే. ఇంటి కప్పుకు బండ, చేను గట్టుకు బండ, కూర్చునే అరుగు బండ, పెరట్లో తొట్టి బండ. పరువు నిలవాలంటే చివరికి పాటకు కూడా బండే కట్టాలని తోచే మనుషులం. నేను వద్దనలేదు. వద్దనకపోగా ఎగిరి గంతేశాను. చెక్క వణకకూడదు కదా? బండ వణకనే వణకదు! ఇంతకంటే గట్టి పెట్టె మద్రాసులో కూడా ఉండదని నేనే రెడ్డిని ఎగదోశాను.

శిల్పి బండ మధ్యలో పొద్దుతిరుగుడు పువ్వులా రంధ్రాలు చెక్కాడు. గూట్లో స్పీకరు పెట్టి, సున్నం గచ్చుతో బండ బిగించాం. తీగలు మాత్రం బయటికి వదిలాం. సాయంత్రం రేడియో పెట్టగానే నడిమిల్లు నిండిపోయింది. మృదంగం గుండెల్లో పడింది. ఇన్నేళ్లలో అంత శుభ్రమైన గొంతు నేను ఇంకే పెట్టెలోనూ పలికించలేదు. బావమరిది నోరు తెరిచి అట్లాగే ఉండిపోయాడు. స్పీకరు తీసేసిన టీ పెట్టెను పనిమనిషి సుంకమ్మ కోళ్లకని అడిగితే రెడ్డి ఇచ్చేశాడు. నేను ఛాతీ విరుచుకుని బస్సెక్కాను.

చుట్టాలొచ్చారు

కొద్దివారాల తరవాత పక్క ఊళ్లో పెళ్లికి మైకు సెట్టు కట్టి, తిరుగు దారిలో రెడ్డిని చూసిపోదామని దిగాను. ఇంకో ఇద్దరు రైతులకైనా ఆ బండ గూడు చూపించి బేరం తగిలించుకోవాలని ఆశ.

ఇంటి ముందు బళ్లు ఆగి ఉన్నాయి. అరుగు మీద చుట్టాలు, ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

"మాయమ్మ అన్నం మాన్యా శెట్టీ" అన్నాడు రెడ్డి. గడ్డం పెరిగి ఉంది. "నోట్లో పెడితే ఉమ్మేస్తాంది. జరమా ల్యాదు, నొప్పా ల్యాదు. డాక్టరుకు ఏందీ దొరకల్యా. అందుర్నీ పిలిపించినా."

లోపలికి పోయాను. లక్ష్మమ్మవ్వ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మనిషి సగమైపోయింది. నుదుటి మీద, చెంప ఎముక మీద నల్లగా కమిలిన మచ్చలు. ఎవరైనా కొట్టారా అని సుంకమ్మ వైపు చూశాను.

"గూటి బండకు తలకాయ ఆనించి ఆనించి అట్లయింది" అంది సుంకమ్మ మెల్లగా. "వద్దంటే ఇనదు. అదిమి పెడతాది, మళ్లా ఏడుస్తాది."

అవ్వ ఇటు తిరిగి నన్ను చూసింది. అన్నాళ్లుగా ఎవరితోనూ మాట్లాడని మనిషి, గొంతు ఎంత పెంచాలో మరిచిపోయి ఇల్లంతా వినపడేట్టు అడిగింది:

"శెట్టీ, మనుషులను యాడికి తీసకపోయినావ్?"

రెడ్డి ఆమె ముందు కూర్చుని సైగ చేశాడు, ఏ మనుషులని. ఆమె తన దవడ మీద వేలితో తట్టుకుంది.

"పెట్టెలో మాట్లాడుతాండిరి. పాడుతాండిరి. ఈడికి వస్తాండ్య. రాతిలో రావడం ల్యాదు."

రెడ్డి నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను. నాకు అర్థమైంది. రేడియో ఎత్తుకుని బయటికి పరిగెత్తి, నా మైకు సెట్టుతో ఉన్న డొక్కు పెట్టెను దానికి తగిలించి మోగించి, రెండు చెవుల్లో వేళ్లు బిగించి దూర్చి, చెక్క అంచును పళ్లతో పట్టుకున్నాను. అరుగు మీది చుట్టాలు నాకూ ఏదో అయిందనుకున్నారు. గొంతు తలకాయ మధ్యలో మోగింది. చెవుల్లోంచి రాలేదు, ఎముకలోంచి వచ్చింది.

నేను తప్పు అనుకున్న వణుకే ఆమెకు చెవి. ఆ వణుకును బండ పెట్టి చంపింది మేము.

"రెడ్డీ, ఆ టీ పెట్టె యాడ?"

సుంకమ్మ అప్పటికే పరిగెత్తింది. కోళ్లను మూసే ఆ పెట్టెను ఎత్తుకొచ్చింది. ఒక పక్క పలక విరిగి ఉంది. దులిపి, కడిగి, నా సంచిలో ఉన్న మేకులు కొట్టి నిలబెట్టాను. నా డొక్కు పెట్టెను ఆమె ముందు పెట్టి చూశాం కానీ, దాని స్పీకరు అప్పుడే బుర్రుమని కాలిపోయింది.

"నంద్యాలకు పోయి ఇంకో స్పీకరు తెస్తా. రేపు పొద్దున బస్సుకు వచ్చేస్తా" అన్నాను.

"రేపటికి ఎవురుంటారో, ఎవురు పోతారో" అంటూ రెడ్డి పెరట్లోకి పోయి గడ్డపార తెచ్చాడు.

"బావా, కొలిమిగుండ్లలో అట్లాటి బండ మళ్లా దొరకదు!" అన్నాడు బావమరిది.

"నీ బండను నెత్తికి కట్టుకో!" అని రెడ్డి మొదటి పోటు వేశాడు. పువ్వు రెండుగా చీలింది. చుట్టాలంతా చూస్తుండగా సున్నం రాలుతుంటే, రెడ్డి తన చేతుల్తోనే స్పీకరు బయటికి లాగి నాకిచ్చాడు. కాగితానికి ఒక చిన్న చిరుగు పడింది, అంతే.

ఎవరు మాట్లాడాలి

టీ పెట్టెకు స్పీకరు బిగించి అవ్వను లేపి కూర్చోబెట్టాం. రేడియో పెడితే ఉత్త బుస్సుమనే శబ్దం. మధ్యాహ్నం, స్టేషను ఆగిపోయే వేళ. సాయంత్రం దాకా ఏమీ రాదు. అవ్వ దవడ ఆనించి, కాసేపు ఆగి, మళ్లీ గోడవైపు తిరగబోయింది.

అప్పుడు బ్యాటరీతో నడిచే నా మైకు సెట్టు గుర్తొచ్చింది. దాని తీగలు పెట్టెకు కలిపాను. మైకూ స్పీకరూ ఎదురెదురుగా ఉంటే కూత పెడతాయి కాబట్టి, మైకును గోడ అవతల పక్కగదిలో పెట్టి రెడ్డిని దాని ముందు కూర్చోబెట్టాను. నేను రెండు గదుల మధ్య గడప మీద నిలబడ్డాను.

"మాట్లాడు రెడ్డీ."

"ఏం మాట్లాడాల?"

"ఏదో ఒకటి. మీయమ్మతో."

ఇన్నేళ్లూ తల్లితో ఏ గొంతుతో మాట్లాడాడో ఆ గొంతుతోనే, మెడ నరాలు ఉబ్బేట్టు అరిచాడు: "అమ్మా!"

అవ్వ ఉలిక్కిపడి తల వెనక్కి లాగింది. పెట్టెను అటూ ఇటూ చూసింది. మెల్లగా మళ్లీ దవడ ఆనించింది.

"ఎవుడ్రా అది? ఓబులేసేనా?" అంది. "అంత గట్టిగా అరుస్తాండావ్ ఏంటికిరా? మెల్లగా చెప్పు, ఇంటాండా."

మెల్లగా మాట్లాడటం రెడ్డికి తెలియదు, ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మైకుకు పెదవులు తగిలేంత దగ్గరికి వంగి, గుసగుసలా అడిగాడు.

"తిన్నావామా?"

"నువ్వు అడగల్యా, నేను తినల్యా" అంది అవ్వ. "సంగటి తెమ్మను. నువ్వు మాత్రం లేయొద్దు, ఆడనే కూసోని మాట్లాడు."

సుంకమ్మ సంగటి తెచ్చింది. నమలక్కర్లేని తిండి కాబట్టి అవ్వ దవడ పెట్టె మీంచి తీయకుండానే ముద్దలు మింగుతోంది. గోడ అవతల రెడ్డి జొన్నచేను సంగతి, ఎద్దు కాలు సంగతి, ఏది తోస్తే అది చెబుతూ పోయాడు. బ్యాటరీ క్లిప్పు వదులుగా ఉండి మాటిమాటికీ జారుతోంది. ఆమె చెయ్యి కడుక్కునేదాకా నేను దాన్ని రెండు వేళ్లతో అదిమి పట్టుకుని కూర్చున్నాను.